ముందు ఎదుటివారి మాట

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు మా అమ్మ చివరి గిన్నె కడిగి, బండ మీద బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప పక్కన కూర్చుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో కోర్టు మొదలవడానికి అదే గుర్తు. ఆ వేళకు మా వీధిలో మిగతావాళ్ళు చర్చి నుంచి వచ్చి, కూరతో కడుపునిండా అన్నం తిని, నిద్రలో ఉండేవారు. మేం మాత్రం వారమంతా దాచుకున్న తగాదాలను ముందేసుకుని కూర్చునేవాళ్ళం. ఇరుగుపొరుగువాళ్ళు దీన్ని ఒక రకం జబ్బు అనుకునేవారు. మాకు లోలోపల గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. మా బాపు (నాన్నను అట్లాగే పిలిచేవాళ్ళం) పోయి ఏడాది కావస్తోంది. ఆయన గురించి ఏదైనా రాయమని అడిగినవాళ్ళకు ఏం రాసి ఇవ్వాలో చాలా రోజులు తోచలేదు. గొప్ప గొప్ప మాటలు ఆయనకు గిట్టవు. అందుకే ఆయన ఓడిపోయిన ఒక కేసు గురించి రాస్తున్నాను. (అదే కేసులో నేనూ ఓడిపోయాను. ఎట్లాగో చెబుతాను.)

బాపు మేడ్చల్‌లో ఒక చిన్న గ్రంథాలయంలో పనిచేసేవాడు. పొద్దున పేపర్ల కోసం వచ్చే ముసలివాళ్ళు, పరీక్షల ముందు మాత్రమే వచ్చే పిల్లలు వెళ్ళిపోయాక మిగిలిన సమయమంతా ఆయనదే. ఎవరూ ముట్టని బీరువా ఒకటి ఉండేది. అందులోవన్నీ పాతకాలపు తత్వవేత్తల పుస్తకాలు. వాటిని ఆయన ఒక్కటి వదలకుండా చదివాడు. ధర్మం గురించి, చట్టం గురించి, స్వేచ్ఛ గురించి, మాట నేర్పు గురించి రెండువేల ఏళ్ళ కిందటి మనుషులు ఏమనుకున్నారో ఆయనకు తెలుసు. ఇంట్లో ఉప్పు అయిపోయిన సంగతి మాత్రం ఎన్నడూ తెలియలేదు. చదివినదాన్ని చదివినట్టు వదిలేసే మనిషైతే మాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆయన దాన్ని ఇంట్లో అమలు చేశాడు.

మా ఇంటి చట్టం చిన్నది. ఎవరి మీద ఎవరికి ఫిర్యాదు ఉన్నా, ఫిర్యాదు చేసేవాళ్ళు ముందుగా ఎదుటివారి మాట చెప్పాలి. వెక్కిరింపుగా కాదు, ఎదుటివారు చెప్పుకుంటే ఎట్లా చెప్పుకుంటారో అట్లా. విన్నవాళ్ళు "ఔ, గిదే నా మాట" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత ఎదుటివారు లేచి ఫిర్యాదుదారు మాట అదే పద్ధతిలో చెప్పాలి. ఈ రెండూ అయ్యాకే ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవడం. అంతదాకా వచ్చిన కేసులు తక్కువ. తమ్ముడి మీద నేను వేసిన కేసుల్లో సగం, వాడి తరఫున నేను మాట్లాడుతూ ఉండగానే నాకే నవ్వొచ్చి కొట్టేయబడ్డాయి. మన తర్కం చదివినవాళ్ళు దీన్నే పూర్వపక్షం అంటారని బాపు చెప్పేవాడు. గ్రీసు దేశంలో ఒక ముసలాయన కథ కూడా చెప్పేవాడు. మరణశిక్ష పడి జైల్లో ఉంటే స్నేహితుడు వచ్చి తప్పిస్తానన్నాడట. అప్పుడు ఆ ముసలాయన, చట్టమే వచ్చి నిలబడితే ఏమంటుందో ముందు అది చెబుతానని, చట్టం తరఫున తానే మాట్లాడి, దానికి జవాబు దొరక్క అక్కడే ఉండిపోయాడట. ఈ కథ విన్న ప్రతిసారీ మా అవ్వ, బాపు తల్లి, తల కొట్టుకునేది. "తలుపు తీస్తానంటే పోకుండ ముచ్చట్లు పెట్టిండా? అందుకే సచ్చిండు."

అవ్వే మా జడ్జి. ఆమెకు ఒక చెవి బాగా మొద్దు, రెండోది కొంచెం మొద్దు. బాపు ఆమెను ఏరికోరి జడ్జిని చేసింది అందుకే. పొడుగాటి వాక్యాలు ఆమె దాకా చేరేవి కావు. మధ్యలో ఎక్కడో రాలిపోయేవి. "అరువకు, సాఫ్‌గ చెప్పు" అనేది. సాఫ్‌గా చెప్పాలంటే ముందు మనకే సంగతి సాఫ్‌గా తెలిసి ఉండాలి. ఆ చిక్కు ఎంతమంది వక్తలను ముంచిందో అప్పటికి నాకు తెలియదు. ఇంకో విషయం కూడా చెప్పాలి. చట్టం పెట్టినవాడు చట్టానికి బయట ఉండలేదు. ఒకసారి అమ్మ ఆయన మీదే కేసు వేసింది, బియ్యం డబ్బా మీద పుస్తకాలు పెడుతున్నాడని. తన వంతు వచ్చినప్పుడు బాపు లేచి అమ్మ మాట ఎంత చక్కగా చెప్పాడంటే, "పొద్దున పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే, నేను బియ్యం కోసం మొదలు ఓ పెద్దమనిషి ధర్మశాస్త్రం లేపాలె" అన్నదాకా వచ్చి, ఇక ఆగి, తానే లేచి వెళ్ళి పుస్తకాలు తీసేశాడు. అమ్మ ఆ రోజంతా నవ్వు ఆపుకుంటూ తిరిగింది.

ఇక నా సంగతి. అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరం. వక్తృత్వ పోటీలంటే నా పేరే ముందు. (ఇప్పుడు పదిమందిలో రెండు మాటలు మాట్లాడటానికి ఎంత వెనకాడుతానో ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు.) ఆ ఏడాది విషయం స్వేచ్ఛ. నేను లేచి, స్వేచ్ఛను ఒకే వాక్యంలో పక్షిని చేశాను, నదిని చేశాను, దీపాన్ని చేశాను. పక్షి నది మీదుగా ఎగురుతుంటే దీపం ఆరిపోకుండా ఎట్లా ఉందో ఎవరూ అడగలేదు. చప్పట్లు మోగాయి. షీల్డు ఇచ్చారు. బాపు వెనక వరసలో కూర్చుని విన్నాడు. ఇంటికి వచ్చే దారిలో, మోపెడ్ మీద, చాలాసేపటికి వెనక్కి తిరగకుండానే అన్నాడు: "పక్షి ఎగిరింది. నది పారింది. నువ్వేం చెప్పినవ్ బిడ్డా?" నేను షీల్డును ఒళ్ళో పట్టుకుని, దుమ్ము కళ్ళలో పడిందన్నట్టు మొహం తిప్పుకున్నాను.

ఆ సభకు వచ్చిన పెద్దల్లో ఒకాయన ఉన్నాడు. ఎండాకాలంలోనూ సఫారీ సూట్ వేసుకునేవాడు కాబట్టి మేం ఆయన్ను సఫారన్న అనేవాళ్ళం. శామీర్‌పేట అవతల ఒక ఊళ్ళో సర్పంచ్ ఎన్నికలకు నిలబడుతున్నాడు. (ఊరి పేరు చెప్పను. మా బంధువులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.) వారం తిరక్కముందే ఇంటికి వచ్చి గడపలోనే మొదలుపెట్టాడు. "చెల్లె, మా ఊర్ల మీటింగ్ పెడ్తున్నం. నువ్వొచ్చి మాట్లాడాలె. నీ లెక్క మాట్లాడెటోళ్ళు మా దిక్కు లేరు." ఏం మాట్లాడాలని అడిగాను. "ఏముంటది? ఇప్పుడున్న సర్పంచ్‌ను జర గట్టిగ తిట్టు. గా పక్షి, నది అన్నవ్ సూడు, గవి గూడ ఎయ్యి. మస్తుంటది." ఆటో పంపుతానన్నాడు. నాకు లోపల మైకు మోగింది. కాలేజీ హాలు కాదు, ఊరు. పోటీ కాదు, నిజం. నా మాట విని మనుషులు ఓటు వేస్తారు. బాపు టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, "ఆలోచించి చెప్తం అన్నా" అని పంపేసి, నా వైపు తిరిగి ఒక్క మాటన్నాడు. "వద్దు బిడ్డా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మాట్లాడటం నేర్పింది ఆయన. అద్దం ముందు నిలబెట్టి గొంతు సరిచేసింది ఆయన. ఇప్పుడు మాట్లాడే చోటు వస్తే వద్దనేది ఆయనే. "నోరు నాది బాపూ. మాట్లాడాల్నా వద్దా నా ఇష్టం" అన్నాను. వంటింట్లోంచి అమ్మ అంది, "ఆదివారం దాక ఆగుండ్రి ఇద్దరూ. ఇప్పుడు కూర మాడుతది." అట్లా నేను నా జీవితంలో అతి పెద్ద కేసు వేశాను. నాకు కావలసింది ఒక్కటే. నా మాట మీద నాకే అధికారం ఉండాలి. ఓడిపోతే, ఇక ఎప్పుడు ఎక్కడ నోరు తెరవాలన్నా ముందు ఒకరి మొహం చూడాలి. ఆ వారమంతా ఇద్దరం ఒకరికొకరు ఉప్పు అందించుకున్నాం కానీ మాట్లాడుకోలేదు.

మళ్ళీ ఒంటిగంటా నలభైకి వస్తాను. అమ్మ కూర్చుంది. అవ్వ మంచం మీద గోడకు ఆనుకుని, కాస్త వినిపించే చెవిని మా వైపు తిప్పింది. తమ్ముడు ఉచితంగా దొరికిన సినిమా చూడటానికి వచ్చినట్టు ముందు వరసలో బాసింపట్టు వేశాడు. నేను లేచాను. ఫిర్యాదుదారుని కదా, ముందు బాపు మాట నేను చెప్పాలి. సులువే అనుకున్నాను. "ఆడపిల్ల స్టేజీ ఎక్కి రాజకీయం మాట్లాడితే నలుగురు ఏమనుకుంటరు? రేపు దీనికి పెండ్లి గావద్దా?" అన్నాను, బాపు గొంతు కొంచెం వెక్కిరిస్తూ. బాపు తల అడ్డంగా ఊపాడు. "గది నా మాట గాదు. నిన్ను స్టేజీ ఎక్కించిందే నేను." తమ్ముడు కిసుక్కున నవ్వాడు. నాకు రెండో దారి ఉంది. అది గట్టిది. "నాది సర్కారు కొలువు. నా బిడ్డ ఒక పార్టీ దిక్కు మాట్లాడితే పైవాళ్ళు ఊరుకోరు. ట్రాన్స్‌ఫర్ జేస్తరు. ఇంటిల్లిపాది ఆగమైతం." ఈ మాటకు అమ్మ ఉలిక్కిపడి ఆయన వైపు చూసింది. అవ్వ కూడా, "గది నిజమే గదరా" అంది. బాపు ఔనని తలూపి ఉంటే కేసు అక్కడే ముగిసేది. ఆయన గెలిచేవాడు. ఆయన మాత్రం, "గాదు. ట్రాన్స్‌ఫర్ ఐతే ఐత. దానికోసమైతే వద్దని చెప్పను" అన్నాడు.

గెలిచే వాదాన్ని ఎవరైనా చేతికి అందిస్తే కాదనే మనిషిని అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత కూడా ఎక్కువమందిని చూడలేదు. "సఫారన్న మంచోడు గాడు" అని మొదలుపెట్టబోయాను. "మంచోడో చెడ్డోడో నాకెరుక లేదు. ఎరుక లేంది నా మాటెట్లయితది?" అన్నాడు. అవ్వకు విసుగొచ్చింది. "ఏందే పోరీ, నీ బాపుతోని పుట్టినకాడికెళ్ళి ఉంటివి. ఆయన మనసుల ఏమున్నదో తెల్వదా? గింతసేపా?" నాకు సిగ్గేసింది. కళ్ళు మూసుకున్నాను. ఈసారి ఆయన గొంతు అనుకరించకుండా, ఆయన మోపెడ్ మీద వెళ్తూ ఆలోచిస్తున్నట్టుగా ఆలోచించాను. అప్పుడు మాటలు వాటంతటవే వచ్చాయి. "నా బిడ్డకు మాట వస్తది. మాట వచ్చినోళ్ళకు ఓ తిప్పలుంటది. వాళ్ళు ఏం చెప్పినా మంది నమ్ముతరు. నిజం చెప్పినా నమ్ముతరు, అబద్ధం చెప్పినా నమ్ముతరు. అందుకే మాట వచ్చినోళ్ళు మందికన్న ఎక్కువ భయపడాలె. ఆ ఊరి సర్పంచ్‌ను నా బిడ్డ ఒక్కనాడు సూడలే. ఆయన ఏం జేసిండో, ఏం జెయ్యలేదో తెల్వదు. సూడనోన్ని తిట్టుమంటే తిడితే, గా నోరు నా బిడ్డది గాదు. కిరాయికిచ్చిన నోరైతది."

బాపు నేలవైపు చూస్తూ, "ఔ. గిదే నా మాట" అన్నాడు. తల ఎత్తి, "నాకన్న మంచిగ చెప్పినవ్" అన్నాడు. తమ్ముడు లేచి ఎగరడం మొదలుపెట్టాడు. "అక్క ఓడింది! అక్కనే అక్కను ఓడగొట్టింది!" నిజమే. అద్దం ముందు ఇన్నేళ్ళు సాధన చేసిన నా నేర్పంతా పోగేసి, నా మీదే ప్రయోగించుకున్నాను. ఆ ఒక్కసారి పక్షి లేదు, నది లేదు, దీపం లేదు. అవి లేకుండా మాట్లాడినందుకు దొరికిన బహుమతి, ఓటమి.

"కూసో" అని అవ్వ తమ్ముణ్ణి గద్దించింది. "ఇంక నీ బాపు చెప్పలే." చట్టం చట్టమే. బాపు లేచాడు. ఆయన పదిమందిలో మాట్లాడే మనిషి కాదు. లేచినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకునేవాడు. నా వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ, నేనే అయి మాట్లాడాడు. "నాకు ఓటున్నది. సర్కారు నన్ను నమ్మింది, మా బాపు నమ్ముతలేడు. చిన్నప్పటికెళ్ళి మాట్లాడు మాట్లాడు అన్నడు. మాట్లాడే జాగ దొరికితే ఆగు అంటున్నడు. ఆయన వద్దన్నది మంచికే కావచ్చు. కానీ ఆయన ఆపితే నేను ఆగిన అనుకో, గా మంచితనం ఎవలది? ఆయనది. నాది గాదు. నేను తప్పు జెయ్యకుండ ఉన్న అంటే, జేసే దారి ఉండి గూడ జెయ్యకుండ ఉండాలె. దారే మూసేస్తే, నేను మంచిదాన్నో కాదో నాకెట్ల తెలుస్తది? మా బాపుకెట్ల తెలుస్తది?"

అప్పుడు నాకు షీల్డు తెచ్చిన ఉపన్యాసం గుర్తుకొచ్చింది. స్వేచ్ఛ గురించి నేను గంటసేపు సాధన చేసి చెప్పలేని సంగతి, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన చెప్పేశాడు. నా పక్షాన, తనకు వ్యతిరేకంగా. "ఔ బాపూ. గిదే నా మాట" అన్నాను. అవ్వ, "ఏమన్నవే? గట్టిగ చెప్పు" అంటే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అవ్వ కాసేపు దవడలు కదిలించి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నువ్వు ఆయన దిక్కు గెలిచినవ్. వాడు నీ దిక్కు గెలిచిండు. ఇద్దరూ ఓడిండ్రు. ఇగ నేనేం జెయ్యాలె? నాకు నిద్రొస్తాంది." అమ్మ ఆ రోజు మొదటిసారి కోర్టులో నోరు తెరిచింది. "అత్తా, పోనీ. కానీ పోయే ముందు ఆ ఊరికి పోయి ఆ సర్పంచ్‌ను సూసి రానీ. సూడనోన్ని తిట్టొద్దన్నదే గదా ఈయన బాధ?" అవ్వ, "గదే నేను చెప్పబోతాన్న" అని తీర్పు తన ఖాతాలో వేసుకుని పడుకుంది.

బుధవారం తమ్ముణ్ణి తోడు తీసుకుని బస్సులో ఆ ఊరికి పోయాను. సర్పంచ్ బక్కపలచని మనిషి. పంచాయతీ ముందు మోటారు విప్పి కూర్చున్న మెకానిక్‌తో గొడవపడుతున్నాడు. ఎవరి తరఫున వచ్చానో దాచకుండా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నన్ను తిట్టెతందుకు నన్నే అడుగవస్తివా? గిసొంటి ముచ్చట ఎక్కడ సూడలే" అని టీ తెప్పించాడు. చివరి వాడదాకా నీళ్ళ పైపు వేయించానన్నాడు. వెళ్ళి చూశాను, వేశాడు. రోడ్డు సంగతి అడిగితే తల గోక్కున్నాడు. "రోడ్డు పాడైంది బిడ్డా. గది నా తప్పే. కాంట్రాక్టర్‌ను నమ్మిన." బడి వెనక ద్రాక్ష తోట అమ్మకానికి వచ్చినప్పుడు బడికి దారి పోకుండా అడ్డుపడ్డానన్నాడు. బడి పంతులమ్మ అవునంది. సఫారన్న గురించి కూడా నలుగురిని అడిగాను. ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా కారు ఇస్తాడన్నారు. అది కూడా నిజమే. తిరిగొస్తూ బస్సులో నా ఉపన్యాసం మనసులో కట్టుకున్నాను. మొదటి భాగంలో ఇది, రెండో భాగంలో అది. రెండో భాగం గట్టిగా ఉంది. రోడ్డు ఉంది, కారు ఉంది. అంతా సరిగ్గా కుదిరింది.

సభ సాయంత్రం ఐదింటికి. ఆటో చెప్పినట్టే వచ్చింది. ట్రాక్టర్ ట్రాలీనే స్టేజీ. సఫారన్న నన్ను, "డిగ్రీ చదివిన చెల్లె, మస్తు షీల్డులు గెలిచిన చెల్లె" అని పరిచయం చేసి మైకు ఇచ్చాడు. ఎదురుగా ఊరంతా ఉంది. దూరంగా మోపెడ్ పక్కన నిలబడి బాపు కూడా ఉన్నాడు. వద్దన్నవాడు వచ్చాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పని. ఏ తగాదా గురించైనా నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎట్లా మాట్లాడానో అట్లాగే మొదలుపెట్టాను. "ముందుగా, ఇప్పుడున్న సర్పంచ్ గారి మాట చెప్తాను" అన్నాను. సఫారన్న సంతోషంగా కుర్చీలో వెనక్కి వాలాడు. తిట్లు మొదలవుతున్నాయనుకున్నాడు పాపం.

నేను సర్పంచ్ మాట చెప్పాను. సర్పంచ్ చెప్పుకుంటే ఎట్లా చెప్పుకుంటాడో అట్లా. చివరి వాడ పైపు గురించి చెప్పాను. పైపు రాకముందు అక్కడి ఆడవాళ్ళు ఎక్కడి నుంచి మోసేవాళ్ళో చెప్పాను. బడి దారి గురించి చెప్పాను. చివరి వాడ నుంచి వచ్చిన ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు వింటే వక్త ఆగడు, ఇంకా బాగా చెబుతాడు. నేనూ ఇంకా బాగా చెప్పాను. సఫారన్న కుర్చీలో ముందుకొచ్చాడు. తర్వాత లేచాడు. వెనక నుంచి, "చెల్లె, మనది... మనది చెప్పు" అన్నాడు. మైకు పక్కకు తీయాలని తోచక నేను, "వస్తున్న అన్నా, ముందు వాళ్ళ మాట అయిపోవాలె గదా" అన్నాను. ఊరంతా విన్నది. ఒక్కసారిగా నవ్వు లేచింది. సరిగ్గా అప్పుడు, రోడ్డు సంగతి ఎత్తుకోబోతుండగా, మైకు ఆగిపోయింది. దాని బదులు స్పీకర్ పెట్టెల్లోంచి డోలు పాట మొదలైంది. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, "మైకెందుకు బంద్ జేసిండ్రురా? పోరి మంచిగ చెప్తాంది గదా!" అని అరిచింది. నేను ట్రాలీ మీద నిలబడి, పాట ఆగితే రెండో భాగం చెబుదామని మర్యాదగా ఎదురుచూస్తున్నాను. నన్ను చెయ్యి పట్టి కిందికి దింపారు.

ఆటో మాయమైంది. గుంపులోంచి సర్పంచ్ మనిషి ఒకడు పరుగున వచ్చి, "చెల్లె, రేపు మా మీటింగ్‌ల గిట్లనే మాట్లాడుతవా?" అన్నాడు. "మాట్లాడుత. కానీ ముందు సఫారన్న మాట చెప్తా" అన్నాను. వాడు రెండడుగులు వెనక్కి వేసి, "వద్దు తల్లీ, ఇంటికి పో" అన్నాడు. నేను బాపు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఏమంటాడోనని భయం. ఆయన మోపెడ్ స్టార్ట్ చేశాడు. ఊరు దాటి, పెద్ద రోడ్డు ఎక్కాక, ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. మోపెడ్ అటూ ఇటూ ఊగింది. చివరికి రోడ్డు పక్కన ఆపి, దిగి, కళ్ళు తుడుచుకుని అన్నాడు: "సగమే చెప్పనిచ్చిండ్రు. కానీ గా సగంల ఒక్క అబద్ధం లేదు బిడ్డా. ఒక్క పక్షి గూడ ఎగురలే." నాకు ఆ తర్వాత చాలా మెప్పులు వచ్చాయి. అంతటిది రాలేదు.

వారం తర్వాత సఫారన్న గ్రంథాలయానికే వచ్చాడట. (ఇది బాపు చెప్పగా విన్నది, కానీ ఆయన ఎదుటివారి మాట మార్చి చెప్పడు.) "సార్, మీ బిడ్డ ఊర్ల నా ఇజ్జత్ తీసింది. ఇదేమన్న న్యాయమా?" అన్నాడట. బాపు కుర్చీ వేసి, టీ తెప్పించి, "కూసో అన్నా. ముందు నా బిడ్డ మాట నువ్వు చెప్పు" అన్నాడట. ఆయన తిట్టుకుంటూ మొదలుపెట్టాడు. "పైసలు దిని నన్ను ముంచింది." "గది ఆమె మాట గాదు." "చిన్నపోరి, తెల్వక జేసింది." "గదీ గాదు." సఫారన్న టీ తాగి గ్లాసు కింద పెట్టాడట. తర్వాత మెల్లగా, "ముందు వాళ్ళది చెప్పి, తర్వాత నాది చెప్దామనుకున్నది. నాది ఇంక మంచిగ చెప్పునేమో. నేనే మైకు బంద్ జేయిస్తి" అన్నాడట. అని, తానే పెద్దగా నవ్వేశాడట. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కింద గ్రంథపాలకుడూ, అభ్యర్థీ కలిసి నవ్వుతుంటే పేపరు చదివే ముసలివాళ్ళు తలలెత్తి చూశారట. ఎన్నికల్లో ఆయన గెలిచాడు. రోడ్డు వేయించాడు. ఆ పైన పాత సర్పంచ్‌తో ఏ తగాదా వచ్చినా ఇద్దరూ ముందు గ్రంథాలయానికి వచ్చేవాళ్ళు, అక్కడ టీ బాగుంటుందన్న వంకతో.

నేను మళ్ళీ ఎన్నికల సభలో మాట్లాడలేదు. ఎవరూ ఆపలేదు. నాకే వద్దనిపించింది, అందుకని ఆ వద్దు నాది. ఇప్పుడు బహదూర్‌పల్లిలో ఒక బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. చట్టం పాఠం వచ్చినప్పుడు, ట్రాలీ మీద నిలబడి డోలు పాట ఆగడం కోసం బుద్ధిగా ఎదురుచూసిన ఆ అమ్మాయి గుర్తొచ్చి, పిల్లలకు తెలియకుండా నవ్వుకుంటాను. ఎంత ధీమాగా నిలబడింది! పాట ఆగుతుందని నమ్మింది.

బాపు పోయిన తర్వాత నెలలో తమ్ముడికీ నాకూ ఒక విషయంలో మాట తేడా వచ్చింది. ఆయన పుస్తకాలు వాడి దగ్గర ఉంచుకోవాలా, నా దగ్గర ఉంచుకోవాలా అని. వాడు, "నీ ఇష్టం అక్కా" అన్నాడు. నేను, "లేదు తమ్మీ, నీ ఇష్టం" అన్నాను. ఎందుకని ఎవరూ అడగకుండానే నిమిషంలో తేలిపోయింది. పక్క గదిలో అమ్మ విన్నది. అప్పటికే గిన్నెలు కడిగేసి ఉంది. వచ్చి, కోర్టు రోజుల్లో తాను కూర్చునే గడప దగ్గర కాసేపు నిలబడి, మా ఇద్దరి మొహాలు చూసి, లోపలికి వెళ్ళి పడుకుంది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరితోనూ వాదించరు.